రణపాల ఆకు రుచి చూసిన వైద్యుడు బెంజమిన్ హైనె

పల్లెటూళ్లలో పెరిగిన వారికి రణపాలను కొత్తగా పరిచయం చేయవలసిన పని లేదు. దళసరి ఆకు, ఆకు అంచున గాట్లు, ఆ గాట్లలోంచి పుట్టుకొచ్చే పిల్ల మొక్కలు. ఒక ఆకును పుస్తకంలో పెట్టి మరచిపోయినా, తడి మట్టిపై పడవేసినా అది మరో మొక్కై నిలుస్తుంది. కురుపులకు, వాపులకు పెద్దలు ఈ ఆకును వేడిచేసి కట్టేవారు. విత్తనం లేకుండా ఆకు ద్వారా జరిగే ప్రత్యుత్పత్తికి ఉదాహరణగా బడి పుస్తకాలలో నేటికీ దీనినే చూపుతారు.

హోసూరు చుట్టుపక్కల ఈ మధ్య కాలంలో వెలసిన నర్సరీలలో మరో రకం మొక్కలు కనిపిస్తాయి. అరచేతిలో ఇమిడే చిన్న కుండీలలో, గులకరాళ్ల మధ్య, ఆకో రాయో తెలియని రూపంతో అవి కూర్చుని ఉంటాయి. ఇవి దక్షిణాఫ్రికా నుండి ప్రపంచమంతా వ్యాపించిన రసభరిత మొక్కలు. హవర్తియా, లిథాప్స్, క్రాసులా మొదలైనవి వాటి పేర్లు. పెరటి రణపాలకు, ఈ ఖరీదైన కుండీ మొక్కలకు పైకి పోలిక తక్కువ. అయినా వాటి జీవన రహస్యం ఒక్కటే. ఆ రహస్యపు తొలి ముడిని విప్పిన వారిలో ముఖ్యుడు తెలుగు నేల మీద తన యౌవనంలో చాలా భాగం గడిపిన ఒక జర్మన్ వైద్యుడు. ఆయన పేరు బెంజమిన్ హైనె. వృక్షశాస్త్ర చరిత్రలో సుప్రసిద్ధుడైన ఈ వ్యక్తిని గురించి ఆయన నడచిన నేలపై నివసించే మనకు తెలిసింది స్వల్పం.

సాక్సనీ నుండి సామర్లకోటకు

బెంజమిన్ హైనె 1770లో జర్మనీ దేశపు సాక్సనీ ప్రాంతంలో జన్మించారు. ఆ కాలంలో మొరావియన్ సోదర సంఘమనే క్రైస్తవ సంఘం ప్రపంచపు నలుమూలలకూ తన సభ్యులను పంపుతుండేది. మత బోధనతోపాటు ఏదో ఒక చేతిపనినో, వైద్యాన్నో ఆధారం చేసుకుని జీవించడం ఆ సంఘీయుల పద్ధతి. తమిళ తీరంలోని తరంగంబాడి అప్పట్లో డెన్మార్కు వారి స్థావరం. అక్కడ ఈ సంఘానికి ఒక తోట, కొన్ని ఇళ్లు ఉండేవి. హైనె ఆ స్థావరానికి చేరి వైద్యం, మొక్కల సేకరణ ప్రారంభించారు.

తరంగంబాడికి వృక్షశాస్త్రంలో అప్పటికే మంచి పేరు ఉంది. స్వీడన్ దేశపు మహాశాస్త్రవేత్త లినియస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1768లో అక్కడికి వచ్చి, దక్షిణ భారతపు మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పనికి శ్రీకారం చుట్టాడు. ఆ కోనిగ్ 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో కన్నుమూసే నాటికి ఆయనకు చికిత్స చేసిన మిత్రుడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లాండుకు చెందిన రాక్స్‌బర్గ్ 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసుకు వచ్చి, 1781లో గోదావరి జిల్లా సామర్లకోటకు బదిలీ అయ్యారు. అక్కడ ఆయన వేసిన ప్రయోగాల తోటలో మిరియాలు, కాఫీ, దాల్చిన, నీలిమందు, పనస మొదలైన ఎన్నో మొక్కలు పెరిగేవి.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా నియమితులయ్యారు. సామర్లకోట మిరియాల తోటలను చూసుకోవడానికి ఒక నమ్మకమైన మనిషి కావలసి వచ్చాడు. ఆ బాధ్యత ఇరవైమూడేళ్ల హైనెకు దక్కింది. ఈ విధంగా మత ప్రచారానికి వచ్చిన యువకుడు కంపెనీ కొలువులో వృక్షశాస్త్రజ్ఞుడయ్యాడు.

కరవు నేర్పిన చూపు

హైనె సామర్లకోటలో అడుగుపెట్టే నాటికి ఆ ప్రాంతం భయంకరమైన క్షామం నుండి అప్పుడే తేరుకుంటున్నది. 1789 నుండి 1792 వరకు వరుసగా వానలు ముఖం చాటేయగా ఉత్తర సర్కారు జిల్లాలలో జనం వేల సంఖ్యలో మరణించారు. రాక్స్‌బర్గ్ ఆ విపత్తును కళ్లారా చూశారు. కాలువ గట్లపైన, ఊరి పొలిమేరలలో కొబ్బరి, తాటి, ఈత, పనస, అరటి వంటి చెట్లను విరివిగా పెంచితే వరి పండని సంవత్సరంలో పేదలకు కనీసం ఆకలి తీరుతుందని ఆయన ప్రభుత్వానికి నివేదించారు. నీరు కోరని నాగజెముడును సైతం ఆయన ఆ జాబితాలో చేర్చారు. కొండ రాళ్ల మధ్య పెరిగే ఆకులు లేని కుందేటి కొమ్ముల మొక్కను 1795లో ఆయనే తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో చిత్రంతో సహా వర్ణించారు. తెలుగువారు దానిని పిలిచే కారల్లం అన్న పేరును కూడా అందులో నమోదు చేశారు. తరువాత 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త ఆ తెలుగు మాట ఆధారంగానే ఆ మొక్కల ప్రజాతికి కారల్లుమా అని నామకరణం చేశాడు. ఈ కారల్లానికి దక్షిణాఫ్రికాలోని స్టపీలియా మొక్కలు దగ్గరి బంధువులు.

వానలు లేనప్పుడు ఏ మొక్క ఎలా బతుకుతుందన్న ప్రశ్న ఆ రోజులలో కేవలం పండితుల కుతూహలం కాదు. జనుల ప్రాణాలు దానిపై ఆధారపడి ఉండేవి. ఆ వాతావరణంలో హైనె శిక్షణ పొందారు. రైతులను, వైద్యులను, కొలిమి పనివారిని అడిగి తెలుసుకోవడం ఆయనకు అలవాటైంది. నూజివీడు ప్రాంతపు రమణక్కపేటలో ఇనుము కరిగించే విధానాన్ని, వినుకొండ ప్రాంతపు అగ్నిగుండాలలో రాగి గనులను, కడప సీమలో వజ్రాల తవ్వకాన్ని ఆయన స్వయంగా పరిశీలించి రాసుకున్నారు. కొలిమికి ఎంత బొగ్గు పడుతుంది, ఎంత ఇనుము దిగుతుంది, పనివారికి మిగిలేదెంత అన్న లెక్కలు కూడా ఆ రాతలలో చోటుచేసుకున్నాయి.

సామర్లకోట మిరియాల ప్రయత్నం కంపెనీ ఆశించిన లాభాన్ని ఇవ్వలేదు. మలబారు తీరపు తడి గాలి ఇక్కడ లేదు. ఒక చోటి మొక్క మరో చోట బతకాలంటే నేల, నీరు, గాలి, ఎండ అన్నీ కుదరాలన్న పాఠాన్ని హైనె ఆ వైఫల్యం నుండే నేర్చుకున్నారని చెప్పవచ్చు.

మైసూరు సర్వే, లాల్‌బాగ్

1799 మే నెలలో శ్రీరంగపట్టణం పతనమైంది. బారామహల్, అనగా నేటి కృష్ణగిరి ప్రాంతం, అప్పటికి ఏడేళ్ల కిందటే 1792 ఒప్పందంతో కంపెనీ వశమై ఉన్నది. హోసూరు ప్రాంతం 1799లో దానికి జతపడింది. కొత్తగా చేజిక్కిన భూములను, మైసూరు రాజ్యాన్ని కొలిచి పటాలు గీయడానికి కర్నల్ కాలిన్ మెకంజీ నాయకత్వంలో పెద్ద సర్వే మొదలైంది. తెలుగువారి కైఫీయత్తుల సేకరణకు కారకుడైన మెకంజీ ఈయనే. ఆ బృందంలో వైద్యుడిగా, ప్రకృతి పరిశీలకుడిగా హైనెను నియమించారు. మొక్కలు, ఖనిజాలు, నేలల స్వభావం, పంటలు, వ్యాధులు ఇవన్నీ పరిశీలించి నివేదించడం ఆయన విధి.

మన హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరు లాల్‌బాగ్‌తో హైనెకు అనుబంధం ఏర్పడింది ఈ సందర్భంలోనే. హైదర్ అలీ ప్రారంభించి టిప్పు సుల్తాన్ విస్తరింపజేసిన ఆ తోట కంపెనీ అధీనంలోకి వచ్చింది. అందానికో అపురూపానికో పెంచే మొక్కల కన్నా ప్రజలకు, వ్యాపారానికి పనికివచ్చే మొక్కలకే పెద్ద పీట వేయాలని గవర్నర్ జనరల్ ప్రభుత్వం హైనెకు స్పష్టంగా ఆదేశించింది. 1800లో ఆ దారిన వెళ్లిన ఫ్రాన్సిస్ బుకానన్ బెంగళూరు తోటలలో దక్షిణాఫ్రికా కొనలోని కేప్ నుండి తెచ్చిన పైన్, ఓక్ మొక్కలు కుదురుకుంటున్న సంగతిని తన యాత్రా గ్రంథంలో పేర్కొన్నాడు. ఐరోపా నుండి భారతదేశానికి వచ్చే ఓడలన్నీ ఆ రోజులలో కేప్ మీదుగా రావలసిందే. నీళ్లకు, ఆహారానికి అక్కడ ఆగే ఓడలలో మొక్కలు, విత్తనాలు కూడా ఇటూ అటూ ప్రయాణించేవి. హైనె గురువు రాక్స్‌బర్గ్ సైతం ఆరోగ్యం చెడి 1798, 1799 సంవత్సరాలలో కేప్‌లో గడిపి అక్కడి మొక్కలను సేకరించారు.

రణపాల మన దేశపు తోటలకు ఎక్కిన వైనం కూడా ఈ కాలానిదే. దాని పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ దీవి. మానవుల ద్వారా అది తూర్పు దీవులకు చేరింది. అక్కడి మొలుక్కా దీవుల నుండి వచ్చిన మొక్కను 1799లో మద్రాసు గవర్నర్ భార్య లేడీ క్లైవ్ కలకత్తా తోటకు పంపినట్టు రాక్స్‌బర్గ్ నమోదు చేశారు. ఈమె ప్లాసీ యుద్ధపు రాబర్ట్ క్లైవ్ కోడలు హెన్రియెట్టా. మొక్కలపై అపారమైన మక్కువ గల ఈ వనిత 1800లో తన ఇద్దరు కుమార్తెలతో మద్రాసు నుండి బెంగళూరు, మైసూరు దిశగా సుదీర్ఘమైన యాత్ర చేస్తూ మన రాయకోటలో విడిది చేశారు. ఆనాడు తల్లి వెంట ఉన్న చిన్న కుమార్తె షార్లెట్ పేరు మీదుగానే 1828లో ఒక దక్షిణాఫ్రికా పూల మొక్కకు క్లైవియా అన్న పేరు వచ్చింది. రాయకోట దుర్గాన్ని చూడవచ్చే వారికి ఈ ముచ్చట కూడా తెలిసి ఉండడం మంచిది.

ఉదయం పులుపు, మధ్యాహ్నం చప్పన

హైనె కీర్తికి మూలమైన పరిశీలన ఎంతో చిన్నది. ఆయన రణపాల ఆకును నమిలి చూశారు. తెల్లవారుజామున తుంచిన ఆకు పులిచింతాకు వలె, అంతకు మించి కూడా పుల్లగా ఉన్నది. ప్రొద్దెక్కుతున్న కొద్దీ పులుపు తరిగిపోయింది. మధ్యాహ్నానికి ఆకు చప్పబడింది. సాయంత్రం వేళకు కొంచెం చేదు తేలింది. మరునాటి ఉదయానికి మళ్లీ పులుపు.

ఆకు రుచి రోజులో మారుతుందన్న సంగతి పల్లె జనంలో ఎవరైనా గమనించి ఉండవచ్చు. హైనె విశిష్టత దానికి కారణం వెతకడంలో ఉన్నది. గాలిలోని ప్రాణవాయువును గురించి ఐరోపాలో ప్రీస్ట్లీ, ఇంగెన్‌హూజ్ వంటి వారు చేసిన ప్రయోగాలు ఆయనకు తెలుసు. ఎండ తగిలిన ఆకు ప్రాణవాయువును విడుస్తుందని వారు నిరూపించి ఉన్నారు. రాత్రివేళ ఆకులో చేరిన ఆమ్లం పగటి వెలుగులో విరిగిపోయి ప్రాణవాయువు వెలుపలికి పోవడం వల్లనే పులుపు తగ్గుతున్నదని హైనె ఊహించారు. ఈ పరిశీలనను ఒక లేఖగా లండన్‌లోని వృక్షశాస్త్ర పోషకుడు ఐల్మర్ బర్క్ లాంబర్ట్‌కు తెలియజేశారు. 1815లో లినియన్ సొసైటీ తన సంపుటంలో దానిని అచ్చువేసింది. రెండు మూడు పుటలకు మించని ఆ వ్యాసం నేటికీ ఈ శాస్త్రపు పాఠ్యగ్రంథాల తొలి పుటలలో స్మరణకు నోచుకుంటున్నది.

అంతకు ముందు 1804లో స్విట్జర్లాండుకు చెందిన డి సాస్యూర్ నాగజెముడు రాత్రివేళ గాలిని పీల్చుకునే తీరును పరికరాలతో కొలిచాడు. హైనె చేతిలో అటువంటి పరికరాలు లేవు. ఒక మొక్క, ఒక నాలుక, ఒకే పనిని వేర్వేరు వేళలలో మళ్లీ మళ్లీ చేసే ఓపిక మాత్రమే ఆయనకున్న సాధనాలు.

చివరి సంవత్సరాలు

మైసూరు సర్వే నుండి విరమించాక హైనె మద్రాసు ప్రభుత్వపు కొలువులో కొనసాగారు. దక్షిణాదిన విస్తృతంగా తిరిగారు. సుమత్రా దీవిని కూడా సందర్శించారు. అనంతరం ఐరోపా వెళ్లి, 1814లో లండన్‌లో తన యాత్రా లేఖలను, నివేదికలను ఒక గ్రంథంగా ప్రకటించారు. భారతదేశ చరిత్రకు, స్థితిగతులకు సంబంధించిన వ్యాసాల సంపుటి అది. ఇనుము, రాగి, వజ్రాలు, దేశీయ వైద్యం, పంటలు, ప్రయాణ విశేషాలు అన్నీ అందులో ఉన్నాయి. రెండు శతాబ్దాల కిందటి తెలుగు జిల్లాల వృత్తుల చరిత్రను రాయదలచిన వారు ఆ పుస్తకాన్ని తిరగవేయక తప్పదు. కంపెనీ ఉద్యోగి కళ్లతో చూసి రాసిన పుస్తకమని గుర్తుంచుకుని చదవడం మాత్రం అవసరం. గనులను, మొక్కలను వెతికించిన ప్రభుత్వానికి ముందు కనబడింది ఆదాయమే. హైనె పరిశీలనలకు వేతనం ఇచ్చింది ఆ ప్రభుత్వమే.

ఐరోపాలో ఉన్న కాలంలోనే ఆయన తాను సేకరించిన ఎండు మొక్కల నమూనాలను జర్మనీలోని ఆల్బ్రెక్ట్ రోత్ అనే వైద్య వృక్షశాస్త్రజ్ఞునికి అప్పగించారు. వాటిని పరిశీలించి కొత్త జాతులను వర్ణించే పని రోత్ చేపట్టాడు. హైనె మళ్లీ భారతదేశానికి తిరిగివచ్చారు. 1819 ఫిబ్రవరిలో మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు నలభైతొమ్మిది. రోత్ గ్రంథం వెలువడినది 1821లో. గ్రంథం పేరులోనే హైనె సేకరణ ప్రస్తావన ఉన్నది. ఆయన దానిని చూడలేదు.

గురువైన రాక్స్‌బర్గ్ వేప కుటుంబపు ఒక చెట్ల ప్రజాతికి హైనియా అని పేరు పెట్టి శిష్యుడిని గౌరవించారు. పడమటి కనుమలలో తెల్లని పూలు పూచే ఒక నందివర్ధనం జాతికి కూడా ఆయన పేరు పెట్టారు. పేర్లు మారుతుంటాయి. శాస్త్రవేత్తలు మొక్కలను ఒక ప్రజాతి నుండి మరో ప్రజాతికి మారుస్తుంటారు. రణపాల ఆకు పులుపు మాత్రం ఆయన పేరుతోనే నిలిచి ఉన్నది.

రాత్రి తెరుచుకునే తలుపులు

హైనె చూసిన దానికి పూర్తి వివరణ లభించడానికి శతాబ్దానికి పైగా పట్టింది. ఆ వివరణ క్లుప్తంగా ఇది. ఆకుల మీద కంటికి కనిపించని పత్రరంధ్రాలుంటాయి. ఆహారం తయారీకి కావలసిన బొగ్గుపులుసు వాయువు వాటి గుండానే లోపలికి వస్తుంది. ఆ తలుపులు తెరచినప్పుడు లోపలి నీరు ఆవిరై వెలుపలికి పోతుంది. వరి, మామిడి వంటి మొక్కలు పగలే తలుపులు తెరుస్తాయి. నీరు దొరికినంత కాలం వాటికి ఇబ్బంది లేదు.

ఎండు నేలల మొక్కలలో అనేకం ఈ క్రమాన్ని తలక్రిందులు చేశాయి. అవి పగలు తలుపులు మూసుకుంటాయి. చల్లని రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మాలిక్ ఆమ్లం రూపంలో కణాలలో దాచుకుంటాయి. పచ్చి యాపిల్ కాయ పులుపుకు కారణమైన ఆమ్లం ఇదే. తెల్లవారాక తలుపులు మూసి, దాచిన ఆమ్లాన్ని విడగొట్టి, అందులోంచి వచ్చిన వాయువుతో ఎండ వెలుగులో పిండిపదార్థం తయారు చేసుకుంటాయి. అందుకే ఉదయం ఆకు పుల్లన, మధ్యాహ్నం చప్పన. ప్రాణవాయువు గురించి హైనె చేసిన ఊహ పూర్తిగా సరిపోలేదు. వెలుగు వల్ల ఆమ్లం విరుగుతున్నదని, ఆ పని రాత్రి పగళ్ల చక్రంగా సాగుతున్నదని ఆయన గుర్తించినది మాత్రం సత్యం.

ఈ పద్ధతికి 1940లలో క్రాసులేసీ ఆమ్ల జీవక్రియ అన్న పేరు స్థిరపడింది. రణపాల చెందిన కుటుంబమే క్రాసులేసీ. ఒక గ్రాము బొగ్గుపులుసు వాయువును సంపాదించడానికి వరి వంటి మొక్క నాలుగైదు వందల గ్రాముల నీటిని ఆవిరి రూపంలో కోల్పోతే, ఈ పద్ధతి పాటించే మొక్కకు యాభై నుండి వంద గ్రాములు చాలు. ప్రపంచంలోని మొక్కల జాతులలో సుమారు ఆరేడు శాతం ఈ మార్గాన్ని అనుసరిస్తాయని అంచనా. అనాస, కలబంద, కిత్తలి, నాగజెముడు, ఇటీవల మెట్ట రైతులను ఆకర్షిస్తున్న డ్రాగన్ ఫ్రూట్ ఇవన్నీ ఆ జాబితాలోనివే.

దక్షిణాఫ్రికా పడమటి ప్రాంతపు కరూ మెట్టలలో ఈ జీవన విధానం ఆశ్చర్యకరమైన రూపాలను ధరించింది. ప్రపంచంలోని సుమారు పది వేల రసభరిత మొక్కల జాతులలో మూడింట ఒక వంతు అక్కడే ఉన్నాయంటారు. లిథాప్స్ మొక్కకు ఉండేవి రెండే ఆకులు. అవి అతుక్కుపోయి గులకరాయి ఆకారం దాలుస్తాయి. 1811లో విలియం బర్చెల్ అనే యాత్రికుడు ప్రియెస్కా అనే చోట వింత రాయి అనుకుని చేతిలోకి తీసుకున్నది ఈ మొక్కనే. గ్రీకు భాషలో రాతి ముఖం అన్న అర్థం వచ్చే లిథాప్స్ పేరు 1922లో వచ్చింది. ఫెనెస్ట్రేరియా, హవర్తియా జాతులు కొన్నింటిలో ఆకు అధిక భాగం ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది. పైకి కనిపించే కొనపై అద్దం వంటి పారదర్శకమైన కిటికీ ఉంటుంది. ఆ కిటికీ గుండా వెలుగు నేల లోపలి పచ్చని భాగానికి చేరుతుంది. హవర్తియా ట్రంకేటా ఆకులను కత్తితో అడ్డంగా కోసినట్టు తోస్తుంది. ఎండను తప్పించుకోవడానికి, పశువుల కంట పడకుండా ఉండడానికి, మంచు బిందువును కూడా వృథా చేయకుండా ఉండడానికి ఆకు పడిన పాట్లు ఇవన్నీ. వీటి లోపల రాత్రి పగలు సాగే పని మాత్రం మన పెరటి రణపాలలో సాగేదే.

కృష్ణగిరి వారికి ఇందులో ఏమున్నది

కృష్ణగిరి జిల్లా రాతి గుట్టల జిల్లా. మామిడి తోటలు, హోసూరు గులాబీలు మనకు పేరు తెచ్చాయి. కానీ వాన తప్పిన ఏడు బోరుబావులు ఎంత లోతుకు దిగాలో ఇక్కడి రైతును అడిగితే చెబుతాడు. నీరు తక్కువ తాగే పంటల అవసరం మనకు పుస్తకాల విషయం కాదు. ఈ జీవక్రియను నడిపించే జన్యువులను శాస్త్రవేత్తలు నేడు వెలికితీస్తున్నారు. అనాస జన్యు పటం 2015లోను, రణపాలకు దగ్గరి చుట్టమైన మరో కలాంకో జాతి జన్యు పటం 2017లోను వెలువడ్డాయి. ఇతర పంటలకు ఈ గుణాన్ని కొంతవరకైనా అందించగలమా అన్నది వారి అన్వేషణ. అది ఫలిస్తుందో లేదో కాలమే చెప్పాలి. ఆ దారికి తొలి గుర్తులలో ఒకటి హైనె నమిలిన ఆకే.

రెండవ సంగతి మన గుట్టలకు సంబంధించినది. కారల్లం వంటి మొక్కలు రాతి పగుళ్లలో, ముళ్లపొదల నీడలో పెరుగుతాయి. కరవు రోజులలో పేదవారు వాటి కాడలను నమిలి ఆకలిని చంపుకునేవారు. అదే మొక్క సారాన్ని ఈ శతాబ్దంలో లావు తగ్గించే గుళికలుగా విదేశాలలో అమ్ముతున్నారు. ఆ గుళికలకు శాస్త్రీయమైన ఆధారం ఇంకా బలంగా లేదు. అయినా గిరాకీ ఉన్నది. గిరాకీ ఉన్న చోట అడవి మొక్కను వేళ్లతో పెకలించే చేతులూ ఉంటాయి. గుట్టను రాయి కోసం తొలిచినప్పుడు దాని పగుళ్లలోని మొక్క గురించి ఎవరూ లెక్క రాయరు.

దక్షిణాఫ్రికాలో జరుగుతున్నది చూస్తే ఈ భయం అకారణం కాదని తెలుస్తుంది. 2019 తరువాత కుండీ మొక్కల మోజు పెరగడంతో కరూ మెట్టల నుండి దొంగతనంగా తవ్వి ఎగుమతి చేస్తుండగా పట్టుబడిన మొక్కలే పది లక్షలకు పైబడ్డాయి. కోనోఫైటం అనే బొటనవేలంత మొక్కల జాతులలో కొన్ని అంతరించే స్థితికి చేరాయి. ఒక్క లోయలోనో, ఒక్క గుట్టపైనో మాత్రమే పెరిగే జాతిని ఒక రాత్రిలో తుడిచిపెట్టవచ్చు. కాబట్టి ఈ మొక్కలను కొనదలచిన వారు విత్తనంతోనో, పిలకతోనో నర్సరీలో పెంచిన వాటినే అడిగి తీసుకోవాలి. చెక్కుచెదరక నున్నగా ఉన్న చిన్న మొక్క సాధారణంగా నర్సరీది. ఎండకు కమిలి, గాయాల మచ్చలతో, ముదురు వేరుతో వచ్చిన మొక్క కనిపిస్తే అది ఎక్కడిదో ప్రశ్నించాలి.

మూడవది మన బడులకు ఉపయోగపడే మాట. హైనె ప్రయోగాన్ని ఒక్క రోజులో, పైసా ఖర్చు లేకుండా పిల్లలతో చేయించవచ్చు. అయితే నాలుకతో వద్దు. రణపాల కుటుంబంలో గుండెకు హాని చేసే పదార్థాలు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో ఈ కుటుంబపు మొక్కలను మేసిన గొర్రెలు, మేకలు జబ్బుపడి చనిపోవడం అక్కడి కాపరులకు తెలిసినదే. నమలడానికి బదులు సూర్యోదయానికి ముందు ఒక ఆకును, మధ్యాహ్నం రెండు గంటలకు అదే మొక్క నుండి మరో ఆకును తుంచి, వేర్వేరుగా నూరి, ఆ రసంలో బడి ప్రయోగశాలలోని ఆమ్లత్వాన్ని కొలిచే కాగితాన్ని ముంచి చూడాలి. రెండు కాగితాల రంగులలోని తేడా పిల్లల కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. పక్కనే ఒక మామిడాకుతో కూడా ఇదే పని చేయిస్తే, ఏ ఆకు రాత్రి తలుపు తెరుస్తుందో, ఏ ఆకు తెరవదో వారే చెప్పగలుగుతారు.

బెంజమిన్ హైనె గొప్ప ఉద్యానాలను నిర్మించలేదు. ఆయన గురువు రాక్స్‌బర్గ్‌కు దక్కినంత కీర్తి ఆయనకు దక్కలేదు. సామర్లకోటలో ఆయన సంరక్షించిన మిరియాల తోట మిగలలేదు. మిగిలినది ఒక పరిశీలన. ఒకే ఆకును ప్రొద్దునా, మధ్యాహ్నమూ, సాయంత్రమూ అదే శ్రద్ధతో చూసినందుకు లభించిన ఫలం అది. ఆ ఆకు మన పెరళ్లలో ఇంకా ఉన్నది.